జింక వేటకు చవకైన తుపాకి ఏది అని అడిగే తమ్ముళ్లకు



మన సంఘం గుంపులో ఒక ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. "ఒంటి గుండుది, తేలికైనది, చవకైనది తుపాకి ఏది మంచిది? చేలమీదికి జింకలు, పందులు వస్తా ఉండాయి" అని. అడిగేది తళి, అంచెట్టి, డెంకణికోట పక్కల పిల్లలు. నవ్వి వదిలేసే మాట కాదిది. సరైన జవాబు దొరక్క జైలుకు పోయేది మన ఇంటి బిడ్డలే. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాము, ఓపికగా చదవండి.

ముందు తుపాకి సంగతి. మన పెద్దలు ఎరిగిన తుపాకి ఒకటే, మూతినుంచి మందు నింపేది. మందు పోసి, గుడ్డపీలిక కుక్కి, గుండు వేసి, కమ్మీతో దట్టించాలి. ఒకసారి పేల్చి మళ్లీ సిద్ధం చేసేలోపు జింక కొండ దాటిపోతుంది. లైసెన్సు కాగితాల్లో దీన్ని ఎస్‌బీఎంఎల్ అంటారు. వెనకనుంచి తూటా పెట్టే ఒంటి గొట్టం తుపాకి ఎస్‌బీబీఎల్. ఇక దొంగచాటుగా చేసే నాటు తుపాకి సంగతి వేరు. ఏ గొట్టంతో చేశారో, అది ఎంత ఒత్తిడికి ఆగుతుందో చేసినవాడికే తెలియదు. అది చీలితే మొదట పోయేది పట్టుకున్నవాడి చెయ్యి, తరువాత కన్ను. చవక అనేది అక్కడే తేలిపోతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లు పంపే ఫోటోలు చూసి ఆశపడేవాళ్లూ ఉన్నారు. అక్కడ నిజంగానే మధ్యకు వంచి ఒక్క తూటా పెట్టే తేలిక రైఫిళ్లు తక్కువ ధరకు అమ్ముతారు. వేట నేర్చుకునే పిల్లలకు మొదట అవే ఇస్తారు. తుపాకి ఎంత తేలికైతే భుజానికి అంత గట్టిగా తన్నుతుందని కూడా చెబుతారు. అయితే అక్కడ వేటకు కాలం ఉంది, లైసెన్సు ఉంది, లెక్క ఉంది. టెక్సాస్‌లో 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరువాత గానీ పుట్టినవాళ్లు వేట చదువు కూడా పూర్తిచేయాలి. ఆ ఏర్పాటంతా ఉన్నచోటి తుపాకిని, అది లేనిచోటికి తెచ్చి పోల్చకూడదు.

మన దేశంలో జింక వేటకు తుపాకి ఎంచుకోవడమనే మాటే లేదు. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. మొదట్లో కొన్ని జంతువుల వేటకు లైసెన్సు ఇచ్చేవాళ్లు. 1991 సవరణతో అదీ పోయింది. జవళగిరి పులి కథ రాసిన బెంగళూరు కెన్నెత్ ఆండర్సన్ మన అడవుల్లో రైఫిలు పట్టుకుని తిరిగిన కాలం వేరు. ఆయన 1974లోనే పోయాడు. ఇప్పుడు మన అడవిలో చాలా భాగం అభయారణ్యం. 2014లో కావేరి ఉత్తర అభయారణ్యం, 2022లో కావేరి దక్షిణ అభయారణ్యం ప్రకటించారు. అభయారణ్యంలో వేటాడితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, రూ.25,000కు తగ్గకుండా జరిమానా. కాల్చినవాడే కాదు, మాంసం కొన్నవాడూ దాచినవాడూ చిక్కుకుంటారు. బండి కూడా పోతుంది. లైసెన్సు లేని తుపాకి ఇంట్లో ఉన్నందుకు ఆయుధాల చట్టం కింద ఇంకో కేసు. 2019 సవరణ తరువాత దానికి కనీసం రెండేళ్లు.

"మరి పంట సంగతేమి?" అంటారు. ఆ బాధ మాకూ తెలుసు. రాగి కంకి పట్టే వేళకు బన్నేరుఘట్ట వైపునుంచి ఏనుగులు దిగుతాయి. శనక్కాయ చేనును పందులు ఒక్క రాత్రిలో దున్నేస్తాయి. మంచె ఎక్కి, డబ్బా కొట్టి, రాత్రంతా మేలుకున్నవాడికి చట్టం చెబితే కోపం రాక ఏమవుతుంది? అయినా ఆ కోపంలో చేసే పని ఎటు పోతుందో చూశాం. 2023 మార్చిలో ధర్మపురి జిల్లా మారండహళ్లి దగ్గర చేనుకు అక్రమంగా పెట్టిన కరెంటు కంచె తగిలి మూడు ఏనుగులు చచ్చాయి, రెండు గున్నలు దిక్కులేక మిగిలాయి. ఆ తీగ చీకట్లో ఏనుగునూ మనిషినీ వేరుచేసి చూడదు.

దారులు లేకపోలేదు. 1959 ఆయుధాల చట్టంలోనే పంట కాపుదలకు మూతితుపాకి లైసెన్సు మాట ఉంది. అది భూమి కాగితాలతో కలెక్టరాఫీసులో అడగాల్సిన పని. కానీ ఆ లైసెన్సు తుపాకి ఉంచుకోవడానికే, జింకను కొట్టడానికి కాదు. పంటను పాడుచేసే జంతువును చంపాలా అన్నది వన్యప్రాణి అధికారులు రాతపూర్వకంగా చెప్పాలి. అడవి పందుల విషయంలో 2025 జనవరిలో తమిళనాడు ప్రభుత్వం ఒక పద్ధతి పెట్టింది. అడవి హద్దునుంచి కిలోమీటరు లోపల కాల్చకూడదు. ఒకటినుంచి మూడు కిలోమీటర్ల మధ్య పట్టి అడవిలో వదలాలి. మూడు దాటితే కాల్చవచ్చు, అదీ అటవీశాఖవాళ్లే. కాబట్టి మన పొలం ఏ లెక్కలోకి వస్తుందో కనుక్కుని, ఊరంతా కలిసి అర్జీ ఇవ్వాలి. నష్టం జరిగిన పొద్దే ఫోటో తీసి పరిహారానికి రాయాలి. ఒక్కడే పోతే తిప్పుతారు, పదిమంది పోతే కూర్చోబెట్టి మాట్లాడతారు. సంఘం ఉన్నది ఇందుకే కదా.

గురి మీదే మోజు ఉన్న పిల్లలకు ఇంకో మాట. ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ కూడా ఒంటి గుండుదే. దానితోనే అభినవ్ బింద్రా 2008లో బంగారు పతకం, మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో కంచు పతకం తెచ్చారు. రైఫిల్ క్లబ్బులో చేరండి. అక్కడ గురి తప్పినా ఎవరి ప్రాణమూ పోదు.

వేట మన నుడిలోంచి పోదు. జాతరలో కొట్టే మేకపోతును ఇప్పటికీ "వేట" అనే అంటాం. అహోబిలంలో సంక్రాంతి తరువాత నరసింహస్వామి పారువేటకు బయలుదేరి ఊరూరా తిరుగుతాడు. జింక ఒక్కటీ చావకుండానే ఆ వేట ఏడాదికేడాది జరుగుతోంది. పెద్దల పేరు నిలవాలంటే అడవిలో గుండు పేలక్కరలేదు.

చివరిగా, అటక మీద తాతల తుపాకి ఉన్న ఇళ్లకు. లైసెన్సుదారు పోయినాక ఆ తుపాకిని ఇంట్లో ఉంచుకోకూడదు. పోలీసు స్టేషన్లోనో లైసెన్సున్న అంగడిలోనో అప్పగించి, వారసులు తమ పేరున అర్జీ పెట్టుకోవాలి. లైసెన్సే లేని నాటు తుపాకి అయితే, తనిఖీకి వచ్చేదాకా ఆగకండి. తనంతట తెచ్చి ఇచ్చినవాళ్లమీద కేసు పెట్టమని అధికారులు మన అడవి పల్లెల్లో చెప్పి తీసుకున్నారు. ఒంటరిగా పోవడానికి భయమైతే చెప్పండి, ఊరి పెద్దను, ఒక వకీలును వెంటబెట్టుకుని మేమూ వస్తాము.

మీ ఊర్లో పందుల బెడదకు ఏ ఉపాయం పనిచేసిందో కింద రాయండి. పక్క ఊరివాళ్లకు పనికొస్తుంది.