శ్రావణంలో గదగ గవాయిలు

మా బళ్ళారి బ్రూస్‌పేటలో శ్రావణమాసమంటే పురాణం. దీపాలు పెట్టే వేళకు మఠం ముందు షామియానా కింద చాపలు పరిచేవాళ్ళు. శాస్త్రిగారు కన్నడంలో శివశరణుల కథ చెబుతుంటే, మధ్యమధ్య గదగ నుంచి వచ్చిన గవాయిగారు పాడేవారు. టికెట్ లేదు, తలుపు లేదు, దారిన పోయేవాళ్ళు కూడా నిలబడి వినేవాళ్ళు. మా ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిశాక కూడా మా అమ్మమ్మ లెక్కలు, మొక్కులు, తిట్లు అన్నీ తెలుగులోనే సాగాయి. ఏడుపు మాత్రం ఆ కన్నడ పురాణం దగ్గరే.

గవాయిగారికీ, తబలా ఆయనకూ, తాళాలు వేసే కుర్రాడికీ ముగ్గురికీ చూపు లేదు. బస నుంచి మఠానికి వాళ్ళను తీసుకొచ్చే పని మా వీధి పిల్లలది. నా వంతు వచ్చిన రోజు నేను గవాయిగారి చెయ్యి పట్టుకోబోతే, "తమ్మా, నువ్వు నన్ను పట్టుకోకు. నీ మోచెయ్యి నాకివ్వు, చాలు" అన్నారు. ఆ మోచేతి పుణ్యాన వేదిక పక్కనే కూర్చునే వీలు దొరికింది.

అక్కడ చూసినదే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. తబలా ఆయన తన మోకాలు గవాయిగారి మోకాలికి ఆనించి కూర్చునేవాడు. లయ ఎక్కడ మారబోతోందో ఆ మోకాలికి ముందే తెలిసేది. శాస్త్రిగారి గొంతు వాక్యం చివర దిగుతుండగానే గవాయిగారి ఎడమచెయ్యి హార్మోనియం తిత్తిని కదిలించేది. ఒకనాటి సాయంత్రం జల్లు పడి, తేమకు తబలా చర్మం సడలి శ్రుతి దిగిపోయింది. ఆయన ఎడమచేత్తో డగ్గా మీద లయ వదలకుండా, కుడిచేతి వేళ్ళతో అంచు చుట్టూ తడిమి, దిగిన చోటు పట్టి, సుత్తితో చిన్నచిన్నగా కొట్టుకుంటూ వచ్చాడు. ఆయన పని పూర్తయ్యేదాకా గవాయిగారు పల్లవి ఎత్తుకోలేదు, ఆలాపన సాగదీస్తూనే ఉన్నారు. కుర్రాడు తాళం చప్పుడు తగ్గించి వాళ్ళకు చోటిచ్చాడు. ముగ్గురూ ఒక్క మాట కూడా అనుకోలేదు. షామియానా కింద కూర్చున్నవాళ్ళలో చాలామందికి అసలేదో జరిగిందనే తెలియదు.

ఈ నేర్పు వెనక గదగలోని వీరేశ్వర పుణ్యాశ్రమం ఉంది. ఆ ఆశ్రమానికి ఆద్యులు, ఇప్పటి హావేరి జిల్లాలో 1892లో పుట్టిన పంచాక్షర గవాయిగారికి చూపు లేదు. హానగల్ మఠాధిపతి కుమారస్వామి చేరదీసి సంగీతం చెప్పించారు. కర్ణాటక, హిందుస్తానీ బాణీలు రెండూ నేర్చిన ఆయన చూపులేని పిల్లల్నీ, దిక్కులేని పిల్లల్నీ పోగేసి ఊరూరా తిరిగే పాఠశాల నడిపారు. పిల్లల తిండికోసం నాటక కంపెనీ కూడా పెట్టారు. 1944లో ఆయన పోయాక భారమంతా శిష్యుడు పుట్టరాజ గవాయిగారి మీద పడింది. పసితనంలోనే చూపు పోయిన పుట్టరాజగారు నాటకాలు రాశారు, ఎన్నో వాద్యాలు వాయించారు. ఊళ్ళవాళ్ళు ఆయనకు తులాభారం తూచిన నాణేలన్నీ ఆశ్రమం పిల్లలకే వెళ్ళాయి. 2010లో పద్మభూషణ్ వచ్చింది, ఆ సెప్టెంబరు 17న కన్నుమూశారు. పంచాక్షర గవాయిగారి మీద 1995లో వచ్చిన కన్నడ సినిమాలో పాటకు మన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యంగారికి జాతీయ పురస్కారం వచ్చిందంటే మా వీధి తెలుగువాళ్ళంతా సంబరపడ్డాం.

పెద్దయ్యాక హొసపేటె, కొప్పళ మీదుగా రైలెక్కి గదగ వెళ్ళాను. ఒక గదిలో గురువు తబలా వాయిస్తుంటే కొత్తగా చేరిన పిల్లవాడు ఆయన మణికట్టు మీద చెయ్యి వేసి ఉన్నాడు. కాసేపయ్యాక గురువు వాడి వేళ్ళ మీద తన వేళ్ళుంచి అదే దరువు వాయించాడు. పక్కగదిలో గాత్రం, ఆ పక్కన వయొలిన్. అంత హోరులోనూ ఎవరి శ్రుతి వాళ్ళదే.

ఇదంతా చూశాక మా ఊరి 'పాపం' నాకు సహించలేదు. పురాణం అయ్యాక జనం గవాయిగారి పళ్ళెంలో డబ్బులు వేస్తూ "పాపం, కళ్ళు లేకపోయినా" అనేవాళ్ళు. తరతరాలుగా నాటకాన్ని తలకెత్తుకున్న ఊరు ఇది, బళ్ళారి రాఘవ పేరు చెబితే ఇప్పటికీ ఛాతీ విరుస్తుంది. అలాంటి ఊరు తన వీధిలో నెలంతా వినిపించే కళాకారుల పేర్లు కూడా అడగలేదు. పురాణం కరపత్రంలో స్వాములవారి పేరు, శాస్త్రిగారి పేరు, దాతల పేర్లు బారెడుండేవి. గానం దగ్గర "గదగ గవాయిలు" అని మాత్రమే.

కమిటీలో చోటు దొరికిన ఏడు ఆ సంగతి ఎత్తాను. "వాళ్ళు చదువుకోలేరు కదయ్యా" అన్నారొక పెద్దాయన. ఊళ్ళో వాళ్ళు చదువుతారని గట్టిగా వాదించాను. ఆ ఏడు రావలసిన గవాయిగారికి ఫోన్ చేసి పేరు అడిగితే, "తబలా వారిది ముందు వెయ్యండి, తాళాల అబ్బాయిది కూడా" అన్నారు. మూడు పేర్లూ, మూడు ఊళ్ళూ అచ్చయ్యాయి. అప్పటినుంచి ఏటా వేస్తున్నాం, గదగ నుంచి ఎవరొస్తే వారి పేర్లు.