యమన్‌పల్లి రాక్షసబల్లి

టెన్త్ దాకా నాది తెలుగు మీడియం. ఇప్పటికీ "ఫాసిల్" అనగానే నోటికి ముందు "శిలాజం" వస్తుంది. క్లాసులో నవ్వుతారు. నవ్వనీ, శిలలో పుట్టిందని మాటే చెప్పేస్తోంది, బట్టీ పట్టే పని లేదు. డైనోసారూ అంతే. 1842లో రిచర్డ్ ఓవెన్ రెండు గ్రీకు ముక్కలు అతికించి భయంకరమైన బల్లి అన్నాడు, మనవాళ్ళు రాక్షసబల్లి అన్నారు. (అది అసలు బల్లే కాదు, అది వేరే సంగతి!)

హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన అస్థిపంజరం పేరు చదివారా? కోటాసారస్ యమన్‌పల్లియెన్సిస్. 1988లో యాదగిరి గారు పెట్టిన పేరు. కోటా అంటే ఆ ఎముకలు దొరికిన రాతిపొరలు. సారస్ గ్రీకు, చివరి తోక లాటిన్. నడుమ ఉన్నది పాత ఆదిలాబాద్ జిల్లాలోని ఒక పల్లె. ఇంక ఏ దేశపు ప్రొఫెసరైనా దాన్ని పిలవాలంటే "పల్లి" అనాల్సిందే.