పొలిమేరకు ఆవలివాడు

ఉత్తరాంధ్రలోని మన బాప్టిస్టు సంఘములకు కెనడా దేశపు తూర్పు తీరముతో పాత బంధుత్వము గలదు. 1875లో అక్కడి సంఘముల మిషనరీలు తెలుగువారి యొద్దకు వచ్చిరి. ఆ తీరమందలి న్యూ బ్రన్స్‌విక్ చరిత్ర చదువుచుండగా ససెక్స్ అను పారిష్ వృత్తాంతము నా మనస్సును కలచివేసెను.

పారిష్ అనగానే మనము గుడిని, పాదిరిగారిని తలంతుము. అక్కడ అది గ్రామసీమల పరిపాలనకై ఏర్పరచిన విభాగము. 1786లో చట్టముచేత కింగ్స్ కౌంటీని నాలుగు పారిష్‌లుగా విభాగించిరి. కెనెబెకాసిస్ నదీలోయలోని ససెక్స్ వాటిలో ఒకటి. తరువాత 1840లో స్టడ్‌హోమ్, 1874లో కార్డ్‌వెల్, వాటర్‌ఫర్డ్ దానినుండి వేరుపడెను.

తొలిదినములలో కౌంటీ న్యాయాధిపతులు ఏటేట పారిష్ ఉద్యోగులను నియమించుచుండిరి. బాటలు చూచువారు, కంచెలు చూచువారు, దారితప్పిన పశువులను బందెలదొడ్డిలో కట్టువారు, బీదల విచారణకర్తలు. బీదలను పోషించు భారము ఆయా పారిష్‌దే. కాబట్టి దిక్కులేనివాడు కనబడినప్పుడు, "ఇతడు మన పొలిమేరలోనివాడా?" అను ప్రశ్నయే ముందు వచ్చెడిది. తమవారని ఒప్పుకొన్న బీదలనైనను ఆదరముతో చూచిరా? 19వ శతాబ్దములో ఆ కౌంటీలో వారిని వేలమునకు నిలువబెట్టిరి. ఎవడు అందరికంటె తక్కువ సొమ్మునకు పోషింతునని పాడునో వానికే అప్పగించిరి.

ఇది చదివి వారిని నిందింపబోతిని. అంతలో నా తప్పు నాకు జ్ఞాపకము వచ్చెను. గత సంవత్సరము ఒక విధవరాలు మా సంఘపు బీదల నిధినుండి సహాయము కోరి నాయొద్దకు వచ్చెను. "అమ్మా, నీ పేరు ఏ సంఘపు పుస్తకములో ఉన్నది?" అనునదే నా మొదటి మాట. పొరుగు సంఘములోనని చెప్పగా ఆమెను అక్కడికే పంపివేసితిని. ఆమె అన్నము తిన్నదో లేదో అడుగలేదు.

ససెక్స్ పాలన పలుమార్లు మారెను. 1967లో కౌంటీ సభలు రద్దయి, బీదల పోషణయు గ్రామసీమల పనులును రాష్ట్ర ప్రభుత్వము చేతికి వచ్చెను. ఆ పిమ్మట ఏర్పడిన స్థానిక సేవా మండలములను 2023లో తీసివేసిరి. పారిష్ పేరును దాని గీతలును మాత్రము నేటికిని జనాభా లెక్కలలో నిలిచియున్నవి.

గీతలు గీయుట పాపము కాదు. బాటకును కంచెకును గీత కావలెను. అయితే ప్రభువు మంచి సమరయుని ఉపమానము చెప్పినప్పుడు, దెబ్బలు తిని పడియున్నవాడు ఏ ఊరివాడో చెప్పనే లేదు.

మొన్న ఆదివారము ఆరాధన తరువాత ఆ విధవరాలి ఇల్లు వెదకుకొని పోతిని. మా పొలిమేర దాటుటకు పావుగంట నడక మాత్రమే పట్టెను. ప్రభువు మనకు పొరుగువారిని గుర్తించు కన్నులు దయచేయునుగాక.