కనిపెట్టు కాలము

క్రిస్మసునకు ముందు వచ్చు నాలుగు ఆదివారముల కాలమునకు అడ్వెంటు, అనగా ఆగమనకాలము, అని పేరు. 1865లో మీలియసు దొరగారు సూళ్లూరుపేటయందు హెర్మన్స్‌బర్గు మిషను పని ప్రారంభించినది మొదలు, మన తీరమున లూథరను సంఘములవారు ఈ కాలము నెరుగుదురు. ఈ దినములలో వసతిగృహములయందు జరుగు రహస్యపు కానుకల వేడుకనుగూర్చి నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాను.

అందరి పేర్లును చీటీలపై వ్రాసి చెంబులో వేయుదురు. ఎవరికి ఎవరి చీటీ వచ్చునో వారికి పండుగవరకు చిన్న చిన్న కానుకలు తెలియకుండ చేర్చవలెను. కడపటి సాయంకాలమున పేర్లు వెల్లడియగును. చెన్నపట్టణపు కళాశాలలలో ఇచ్చువారిని క్రిస్‌మా అనియు, పుచ్చుకొనువారిని క్రిస్‌చైల్డు అనియు పిలుతురు. ఒకరు తల్లి, ఒకరు బిడ్డ యన్నమాట.

ఇట్టి దానము పురాతనమైనది. నేటి టర్కీ దేశములోని మైరా పట్టణమున 4వ శతాబ్దమున బిషప్పుగానుండిన నికొలాసు, ఒక పేదవాని ముగ్గురు కుమార్తెల వివాహమునకై రాత్రివేళ బంగారు మూటలను వారి యింట జారవిడిచెనని చెప్పుదురు. మన దేశమునందును గుమ్మడికాయలో నాణెములుంచి యిచ్చు గుప్తదానము కలదు గదా!

ఈ మరుగు ఏల? మన పెండ్లిపందిళ్లలో చదివింపులను కాగితముపై వ్రాసియుంచి, ఆ యింట శుభకార్యమైనపుడు తక్కువ కాకుండ తిరిగి చెల్లింతురు. బంధుత్వము నిలుచుట కది మంచిదే. కాని తిరిగి యియ్యలేనివాడు పుచ్చుకొనకముందే తలవంచుకొనును. ఈశాన్యపు గాలులతో సముద్రము కరడుకట్టి, పడవలు ఒడ్డెక్కి, పాలెములలో చేతి డబ్బు సన్నగిల్లునదియు ఈ అడ్వెంటు దినములలోనే. పేరు మరుగైనపుడు పాలెపు బాలుడు ఏరితెచ్చిన గవ్వల దండయు, ధనవంతుని కుమారుడు కొన్న కలమును ఒక్క తీరు కాగితమునందే చుట్టబడి వచ్చును.

నేను ఎనిమిదవ తరగతి చదువునాడు, ఎవరో నా పుస్తకమునకు అట్ట వేసిరి. మరియొకనాడు తలగడ క్రింద ఉడికించిన వేరుసెనగకాయల పొట్లముండెను. చొక్కాకు ఊడిన బొత్తాము ఒక ఉదయమున కుట్టబడి కనబడెను. ఇంతలో వానలు ముదిరి, కాలువలు పొంగి, సెలవులు ముందుగానే యిచ్చివేసిరి. పేర్లు వెల్లడించు సాయంకాలము రానేలేదు. జనవరిలో ఎవరి నడిగినను నవ్వి యూరకుండిరి. నాతో నిత్యము కలహించు పొరుగు మంచపువాడే ఆ దాత యేమో! ఎవరని తెలియదు గనుక ప్రతివానియెడలను మర్యాదగా నుండవలసివచ్చెను. ఒక్కనికి తీర్చవలసిన ఋణము, తెలియకపోవుటచేత అందరికిని పంచవలసినదాయెను. పేరు తెలిసియుండినయెడల నాకింత మేలు కలుగకుండును.

విద్యార్థులారా, ఈ వేడుకయందు వెల పెరిగినకొలది ఫలము తగ్గును. కొనవలసినచో, అందరికిని సాధ్యమైన స్వల్పపు మొత్తము నొకదానిని ముందుగా ఏర్పరచుకొనుడు. కొనకుండ చేయదగినది మరింత మేలు. ఊడిన బొత్తామును అంగడివాడు చూడడు, స్నేహితుడే చూడవలెను. మన తెలుగున ‘కనిపెట్టుట’ యను మాటకు ఎదురుచూచుట యనియు, గమనించి తెలిసికొనుట యనియు రెండర్థములు గలవు. ప్రభువు రాకకొరకు కనిపెట్టు ఈ నాలుగు వారములలో, ప్రక్కవాని కొరతను కనిపెట్టుట మన పని.