చెంచాడు నూనె

మా తండ్రిగారు మాకు వదలి వెళ్లిన ఆస్తిలో ఒక పాత అంబాసిడర్ కారు కూడా ఉన్నది. 1489 సి.సి. ఇంజను, ఎస్.యు. కార్బురేటరు. ఆ కార్ల తయారీ 2014లోనే నిలిచిపోయినా, మాది మాత్రం నేటికీ నడుస్తున్నది.

కిందటి వేసవిలో దానికొక జబ్బు పట్టుకుంది. ఒకే వేగంతో పోతున్నంతసేపు బాగానే ఉండేది. ఆక్సిలరేటరును గట్టిగా తొక్కగానే మాత్రం క్షణకాలం గుటకలు మింగి, దగ్గి, ఆ తరువాత ముందుకు దూకేది. ఒకనాడు రోడ్డు దాటుతూ, వచ్చే లారీ ఎదుట అలాగే తడబడింది. వెనుక సీటులో అమ్మ ఉన్నది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అంతకు పది రోజుల ముందే బండిని సర్వీసుకిచ్చాను. కనుక నేరం షెడ్డులో పనిచేసిన కుర్రవానిదేనని తీర్మానించుకొని, యజమాని ఎదుటనే వానిని నిలదీశాను. "కార్బురేటర్ నేను ముట్టుకోలేదు సార్. డాష్‌పాట్‌లో ఆయిల్ ఉందో లేదో ఒక్కసారి చూడనివ్వండి" అన్నాడు వాడు. ఎం.ఏ. చదివిన వానికి బడి మానిన వాడు చెప్పడమా అనుకున్నాను కాబోలు, వినిపించుకోలేదు.

ఆ పైన నేనే వైద్యుడనయ్యాను. ప్లగ్గులు మార్చాను. కార్బురేటరు కింది నట్టును తోచినట్లు తిప్పాను. నల్లని పొగ, పెట్రోలు ఖర్చు పెరిగాయే గాని తడబాటు పోలేదు.

చివరకు ఒక వృద్ధ ఉస్తాద్‌ను ఆశ్రయించాను. ఆయన వెంటనే కార్బురేటరు మీద చేయి వేయలేదు. "ముందు కరెంటు, తరువాత పెట్రోలు, బేటా" అంటూ పాయింట్ల గ్యాప్ 15 థౌ, ప్లగ్గుల గ్యాప్ 25 థౌ ఉన్నవో లేవో కొలిచారు. నేను తిప్పిన నట్టును సరిచేశారు. చోక్ కొద్దిగా లాగి నడిపితే తడబాటు తగ్గింది. అంటే, తొక్కిన క్షణంలో గాలి ఎక్కువై పెట్రోలు చాలడం లేదన్నమాట. అప్పుడు ఎయిర్ క్లీనర్ తీసి, లోపలి పిస్టన్‌ను వేలితో పైకెత్తారు. బరువుగా లేవవలసినది తేలికగా ఎగిరింది. డాష్‌పాట్ మూత విప్పితే లోపల నూనె చుక్క లేదు!

ఆ పిస్టన్ లేచేకొద్దీ దానికి బిగించిన సూది జెట్ నుండి పైకి జరిగి పెట్రోలుకు దారి ఇస్తుంది. డాష్‌పాట్‌లోని నూనె ఆ పిస్టన్‌ను ఒక్కసారిగా లేవనీయదు. అందువల్ల జెట్ మీద గాలి వేగం పెరిగి, కావలసినంత పెట్రోలును లాగుకొస్తుంది. నూనె లేకపోతే పిస్టన్ ఎగిరిపడుతుంది, గాలి జొరబడుతుంది, ఇంజను తడబడుతుంది. ఏండ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గిన ఆ నూనెను చూడవలసిన బాధ్యత నాదే. ఉస్తాద్ చెంచాడు నూనె పోశారు. జబ్బు కుదిరింది.

నేను క్షమాపణ చెప్పుకొందామని షెడ్డుకు వెళితే, నా ఫిర్యాదు విన్న నాడే వానిని పని మాన్పించారని తెలిసింది. వెదకగా మరొక షెడ్డులో కనిపించాడు. నేను నోరు విప్పకముందే చేతులు గుడ్డతో తుడుచుకుంటూ, "ఆయిలేనా సార్?" అని అడిగాడు.

ఇప్పుడు తరగతిలో ఏ విద్యార్థి అయినా సమాధానం చెప్పబోయి తడబడితే, నేను తొందరపడక ఒక క్షణం ఆగుతున్నాను.