18 డాలర్ల చలి

అమెరికాలో ముగ్గురు తెలుగు కుర్రాళ్లు ఒకే కారు పంచుకుంటే గొడవ ఎక్కడ మొదలవుతుందో తెలుసా? వంట దగ్గర కాదు, బాత్రూమ్ దగ్గరా కాదు. స్ప్లిట్‌వైజ్‌లో.

మేం ఉండేది మినియాపోలిస్‌లో. నాకూ, గుంటూరు నుంచి వచ్చిన మిత్రుడికీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. మూడోవాడు ఖమ్మం తమ్ముడు, ఎమ్మెస్ చదువుతున్నాడు. ముగ్గురికీ కలిపి ఒక పాత పెట్రోల్ కారు. ఆఫీసు నాలుగు మైళ్లు, కాలేజీ మూడు, ఇండియన్ స్టోర్ ఐదు. అన్నీ కలిపి నెలకి 600 మైళ్లు తిరుగుతుంది. సెప్టెంబర్ దాకా గ్యాలన్‌కి 30 మైళ్లు ఇచ్చింది. మన లెక్కలో లీటరుకి 13 కిలోమీటర్లకి కాస్త తక్కువ. జనవరి వచ్చేసరికి 23కి పడిపోయింది. అంటే లీటరుకి పది కూడా రావట్లేదు. 20 గ్యాలన్లతో గడిచే నెలకి 26 పోయాల్సి వచ్చింది. ఆ ఆరు గ్యాలన్ల ఖరీదు దాదాపు 18 డాలర్లు.

డబ్బు పెద్దది కాదు, ముగ్గురికీ పంచితే తలా ఆరు. కానీ ఒకరోజు గుంటూరు మిత్రుడు గ్రూప్‌లో మెసేజ్ పెట్టాడు: "రాత్రుళ్లు కారు ఎవరు తీస్తున్నారు?" రాత్రి లైబ్రరీ నుంచి ఆలస్యంగా వచ్చేది మా ఇంట్లో ఒక్కడే. తమ్ముడు ఆ మెసేజ్‌కి జవాబు కూడా పెట్టలేదు. మర్నాటి నుంచి తాళాలు గోడకే వదిలేసి బస్సెక్కడం మొదలుపెట్టాడు. బయట మైనస్ 15 డిగ్రీలు. బస్టాప్‌కి పన్నెండు నిమిషాల నడక.

నేను వాడి తరఫున మాట్లాడితే "మీ తెలంగాణ వాళ్లంతా ఒకటే" అంటారు, నవ్వుతూనే అయినా అంటారు. అందుకే మాట్లాడకుండా లాగ్ తీశాను. బంకుకి వెళ్లిన ప్రతిసారీ ఓడోమీటర్ ఫొటో తీసుకోవడం నాకు అలవాటు. అవన్నీ ఒక షీట్‌లో ఎక్కించాను.

మొదటి సంగతి అక్కడే తేలిపోయింది. ఎవరైనా దొంగచాటుగా కారు తిప్పితే మైళ్లు పెరుగుతాయి, పెట్రోలూ పెరుగుతుంది. మైలేజీ మాత్రం అటూ ఇటుగా అంతే ఉండాలి. ఇక్కడ మైళ్లు 600 దాటలేదు. పడిపోయింది మైలేజీ. అంటే బగ్ మనిషిలో లేదు.

మరి ఎక్కడుంది? అమెరికా ఇంధన శాఖ చెప్పే లెక్క ఇది: 25 డిగ్రీల ఎండలో వచ్చే మైలేజీతో పోలిస్తే, మైనస్ 7 డిగ్రీల దగ్గర సిటీలో తిరిగే పెట్రోల్ కారు సుమారు 15 శాతం తక్కువ ఇస్తుంది. మూడు నాలుగు మైళ్ల చిన్న ట్రిప్పులైతే ఆ నష్టం 24 శాతం దాకా పోతుంది. మా కారు చేసేవన్నీ ఆ బాపతు ట్రిప్పులే. 30 నుంచి 23కి దిగడమంటే 23 శాతం.

కారణం నాకు ఆదిలాబాద్‌లోనే, చిన్నప్పుడే తెలియాల్సింది. మా ఊళ్లో డిసెంబర్ పొద్దులు పది డిగ్రీల కిందికి పోతాయి. నాన్న స్కూటర్‌ని ఓ పక్కకి వంచి, చోక్ లాగి, నాలుగైదు కిక్కులు కొడితే గానీ స్టార్టయ్యేది కాదు. పెట్రోల్ ద్రవంగా మండదు, ఆవిరై గాలితో కలిసినప్పుడే మండుతుంది. చల్లటి ఇంజిన్‌లో అది సరిగ్గా ఆవిరి కాదు. కాబట్టి ఎక్కువ పెట్రోల్ పంపితే, అందులో ఆవిరైనంత మేర అంటుకుంటుంది. చోక్ చేసే పని గాలిని తగ్గించి పెట్రోల్ పాలు పెంచడమే. ఇప్పటి కార్లలో చోక్ ఉండదు, ఆ పని కంప్యూటర్ చేస్తుంది. మనం లాగేది ఏమీ లేదు కాబట్టి మనకి కనిపించదు, అంతే.

దానికి తోడు ఇంజిన్ ఆయిల్ చలికి చిక్కబడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన నెయ్యి అంత కాకపోయినా, ఆ దారిలోనే. ఆ చిక్కదనంలో లోపలి భాగాలు తిరగడానికే కొంత ఇంధనం ఖర్చవుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక ఇవన్నీ సర్దుకుంటాయి. హైవే మీద వంద మైళ్లు వెళ్లేవాడికి మొదటి ఐదు మైళ్ల నష్టం లెక్కలోకి రాదు. మాకు ఇంజిన్ వేడెక్కేలోపే ఆఫీసు వచ్చేస్తుంది. సాయంత్రానికి కారు మళ్లీ రాయిలా చల్లబడి ఉంటుంది. రోజుకి ఎన్ని ట్రిప్పులో అన్నిసార్లు ఆ ఖరీదైన ఐదు మైళ్లు కొత్తగా మొదలవుతాయి.

టైర్ల సంగతి మేం ఎవరం చూసుకోలేదు. ఉష్ణోగ్రత ఐదున్నర డిగ్రీలు తగ్గితే టైర్‌లో గాలి దాదాపు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. సెప్టెంబర్ నుంచి జనవరికి ఆరు పీఎస్ఐ దాకా పోవచ్చు. మెత్తబడిన టైర్ రోడ్డు మీద ఎక్కువ శక్తి తింటుంది. ఇక చల్లగాలి చిక్కగా ఉంటుంది, శీతాకాలానికి కలిపే పెట్రోల్‌లో శక్తి కాస్త తక్కువ అన్నవీ నిజాలే. మా సిటీ స్పీడుకి వాటి వాటా చిన్నది.

ఇంకొకటి మిగిలింది. చెప్పడానికి కాస్త మొహమాటపడ్డాను. మన గుంటూరు మిత్రుడికి రిమోట్ స్టార్ట్ అంటే ప్రాణం. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం ఆఫీసులోంచే పది నిమిషాలు కారుని నిలబెట్టే వేడి చేస్తాడు. ఇలా ఊరికే ఆడుతున్న ఇంజిన్ గంటకి పావు నుంచి అర గ్యాలన్ తాగుతుంది. నెలకి 22 పనిదినాలంటే ఏడు గంటలు పైనే. అంటే రెండు నుంచి మూడున్నర గ్యాలన్లు, ఒక్క మైలు కదలకుండా. ఆ ఆరు గ్యాలన్లలో సగం అటూ ఇటుగా ఇదే! నిజానికి అద్దాల మీద మంచు గీకేసి, అరనిమిషం ఆగి నెమ్మదిగా బయల్దేరితే ఇంజిన్ ఇంకా తొందరగా వేడెక్కుతుంది.

షీట్ గ్రూప్‌లో పెట్టాను. పక్కన వ్యాఖ్యానం ఏమీ రాయలేదు. మిత్రుడు గంటసేపు చూసి, నా గదిలోకొచ్చి, "అయితే ఎలక్ట్రిక్ కారు కొందాం రా" అన్నాడు. దాని గొడవ దానికుంది. పెట్రోల్ ఇంజిన్‌లో ఎలాగూ వృథా అయ్యే వేడితోనే లోపల హీటర్ నడుస్తుంది. ఎలక్ట్రిక్ కారులో ఆ వృథా వేడి అంత ఉండదు, హీటర్‌కీ బ్యాటరీయే పెట్టాలి. అదే మైనస్ 7 దగ్గర దాని రేంజ్ 40 శాతం దాకా పడిపోగలదు. అది విన్నాక కాసేపు కూర్చుని, ఫోన్ తీసి తమ్ముడికి వాయిస్ మెసేజ్ పెట్టాడు: "ఒరేయ్ తమ్ముడూ, రేపు ఎనిమిదింటికి రెడీగా ఉండు, కాలేజీ దగ్గర దింపేసి మేం వెళ్తాం."

ఇప్పుడు పొద్దున ముగ్గురం ఒకేసారి బయల్దేరుతున్నాం. సాయంత్రం స్టోర్ పని కూడా తిరిగొచ్చే దారిలోనే ముగించేస్తున్నాం. ఒకసారి వేడెక్కిన ఇంజిన్‌తో మూడు పనులు అవుతున్నాయి. టైర్లలో గాలి కొట్టించాం. ఫిబ్రవరి సగానికి గ్యాలన్‌కి 26 వస్తోంది. తమ్ముడు మాత్రం ఇప్పటికీ రాత్రి కారు కావాలంటే, "అన్నా, తాళాలు తీసుకోనా?" అని అడిగే తీసుకుంటున్నాడు. జనవరికి ముందు ఎప్పుడూ అడిగేవాడు కాదు.