బెల్లంగాడికి గోదారి ఇసక

పంతంగి టోల్‌గేట్ దగ్గర మా కారు నలభై నిమిషాలుగా కదల్లేదు. భోగికి రెండు రోజుల ముందు విజయవాడ హైవే ఎక్కినవాళ్ళకి ఇదేం కొత్త కాదు. ముందు కార్లు, వెనక కార్లు, మధ్యలో పల్లీలు అమ్మే కుర్రాళ్ళు. కొత్తదల్లా నా ఒళ్ళో ఉన్న ప్లాస్టిక్ బుట్ట. అందులో మూడు నెలల పిల్లిపిల్ల. నల్లగండ్లలో బయల్దేరినప్పట్నుంచీ అరుస్తున్నది ఉన్నట్టుండి ఆపేసింది. ఎందుకు ఆపేసిందో రెండు క్షణాల్లో వాసన చెప్పింది.

"మళ్ళీనా?" అన్నాడు స్టీరింగ్ ముందున్న మా చిన్నన్నయ్య, అద్దం దించుతూ. "ఇంకోసారైతే సూర్యాపేటలో దింపేస్తా. నువ్వూ నీ పిల్లీ బస్సెక్కి రండి."

నేనేం మాట్లాడలేదు. బుట్టలో పాత టవల్ తీసి కవర్లో కట్టి, ఇంకోటి పరిచాను. ఇంకో నాలుగు గంటలో, ఐదో ఓర్చుకుంటే చాలనుకున్నాను. ఎందుకంటే ఈ ప్రయాణం పండక్కి మాత్రమే కాదు. బెల్లంగాణ్ణి కోనసీమలో అమ్మమ్మ దగ్గర వదిలేసి రావడానికి.

నవంబరులో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, నా స్కూటీ వెనక దొరికాడు వీడు. అరచేతిలో పట్టేంత. రంగు అచ్చం అచ్చుబెల్లం. ఐదారు వారాలుంటాయేమో. తల్లి వస్తుందని రెండు రోజులు చూశాను, రాలేదు. మూడో రోజు ఫ్లాట్‌లోకి తెచ్చేశాను. నేను చేసేది టెస్టింగ్ ఉద్యోగం కదా, ఏ పనైనా ముందు సరంజామా అంతా సిద్ధం చేసుకోవడం అలవాటు. ఆ రాత్రే ఆర్డర్ పెట్టా: పైన మూత, ముందు ఊగే తలుపు ఉన్న ఖరీదైన లిట్టర్ బాక్స్, లావెండర్ వాసనొచ్చే లిట్టర్ రెండు ప్యాకెట్లు. యుటిలిటీలో వాషింగ్ మెషీన్ పక్కన సెట్ చేశాను. వారం రోజులు బుద్ధిగా అందులోకే వెళ్ళాడు. నాకు పిల్లులంటే పుట్టుకతోనే అన్నీ తెలుసనుకున్నాను.

రెండో వారం నా పరుపు మీద. తర్వాత లాప్‌టాప్ బ్యాగులో. తర్వాత నా ఫ్లాట్‌మేట్ యోగా మ్యాట్ మీద, ఆ మర్నాడు ఆమె పరుపు మీద. ఆమెది కరీంనగర్. మనసు మంచిది, మాట సూటి. "నాకు పిల్లి అంటే ఇష్టమే గానీ, నా పరుపు మీద పోసినంక ఎట్ల ఇష్టముంటదే?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. రోజుకి రెండుసార్లు ఇల్లంతా ఫినాయిల్ పెట్టి తుడిచేదాన్ని. ఎవరో చెప్పారని ఒకసారి వాడి ముక్కు తీసుకెళ్ళి తడి మీద ఆనించి గట్టిగా అరిచాను కూడా. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. ఆ రోజు సోఫా వెనకకి దూరినవాడు సాయంత్రం దాకా బయటికి రాలేదు. మర్నాటినుంచి పోసేది కూడా సోఫా వెనకే. నేను నేర్పింది అక్కడ పోయకూడదని కాదు, నాకు కనపడకుండా పోయాలని.

డిసెంబరు చివర్లో అద్దెకని ఓనర్ ఆంటీ వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయి, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "జనవరి నెలాఖరుకి పిల్లన్నా పోవాలి, మీరన్నా పోవాలి" అంది. రెండు నెలల అడ్వాన్సు ఆవిడ దగ్గరుంది. అదీ సంగతి.

సూర్యాపేటలో టీ, చిల్లకల్లు టోల్ దగ్గర ఇంకో అరగంట, విజయవాడలో భోజనం. ఏలూరు దాటాక వాడు అలిసిపోయి పడుకున్నాడు. తాడేపల్లిగూడెం, తణుకు దాటి సిద్ధాంతం బ్రిడ్జి ఎక్కేసరికి పొద్దు గుంకింది. కింద వశిష్ఠ గోదావరి, మధ్యలో ఇసక మేటలు, ఆ వెలుతురులో వీడి ఒంటిరంగే. అప్పుడు దాన్నేం పట్టించుకోలేదు. రావులపాలెంలో అరటిగెలల లారీల వెనక ఇంకాసేపు ఆగి, కాలువ గట్టు రోడ్డు పట్టుకుని కొత్తపేట దాటి ఊరు చేరేసరికి రాత్రి ఎనిమిదిన్నర.

అమ్మమ్మది పాత పెంకుటిల్లు. ముందు అరుగు, వెనక పెరడు, ఆ వెనక కొబ్బరిచెట్లు, చివర్లో పంటకాలువ. పండక్కి అమ్మా, అక్కా ముందే వచ్చి ఉన్నారు. అక్కకి ఐదో నెల. తను కింద కూర్చోలేదని అమ్మమ్మ పట్టుబట్టి కమోడ్‌తో కొత్త బాత్రూమ్ కట్టించింది. కట్టగా మిగిలిన ఇసక పెరట్లో జామచెట్టు కింద గుట్టగా ఉంది.

"ఎవరే ఈ దొరగారు?" అంది అమ్మమ్మ బుట్టలోకి తొంగి చూసి. ఆ వెంటనే ఇత్తడి గిన్నెలో గేదె పాలు తెచ్చి పెట్టింది. దొరగారు గిన్నె అడుగు దాకా నాకేశారు. తెల్లారేసరికి విరేచనాలు.

భోగి ముందు రోజు పక్క ఊళ్ళో పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. నా ముందు రెండు గేదెలు, ఒక దూడ, ఒక డేగ పుంజు. ఆ పుంజుగారి యజమాని మొహంలో ఉన్న ఆందోళన నేను మా మేనేజర్ మొహంలో రిలీజ్ రాత్రి కూడా చూడలేదు. (పందేలు చట్టవిరుద్ధమని అక్కడ ఎవరికీ తెలియదనుకోకండి. అందరికీ తెలుసు.) నా వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది.

డాక్టరు గారు పెద్దాయన, తొందరపడే మనిషి కాదు. పేగుల్లో పురుగులున్నాయని మందు వేశారు. పాలు మానేయమన్నారు. తల్లిపాలు మానిన పిల్లులకి పాలల్లో చక్కెర సరిగ్గా అరగదట. సినిమాల్లో పిల్లీ పాలూ జంటగా చూపించి మనల్ని పాడుచేశారు. తర్వాత నేను ఊళ్ళో వదిలేద్దామని తెచ్చానని చెబితే, ఎందుకని అడిగి మొత్తం విన్నారు. ప్రశ్నలేమో నేను అనుకోనివి. బాక్సుకి మూత ఉందా? వాసన ఉందా? పక్కన ఏముంది? మెషీన్ ఎప్పుడు తిరుగుతుంది? ఇల్లు దేంతో తుడుస్తావు?

ఒక్కొక్క జవాబు చెబుతుంటే నాకే అర్థమవడం మొదలైంది. మనకి హాయిగా అనిపించే లావెండర్ పిల్లి ముక్కుకి ఘాటు. మూత పెడితే ఆ ఘాటూ లోపలే, వాడి కంపూ లోపలే. ఊగే తలుపు నెట్టుకుని లోపలికి దూరాక పక్కన మెషీన్ స్పిన్ మొదలైందంటే, అంత చిన్న ప్రాణానికి మళ్ళీ అటు వెళ్ళబుద్ధి కాదు. ఆ బాక్సు గట్టు కూడా వాడి భుజాలకంటే ఎత్తు. ఇక ఫినాయిల్ సంగతి విన్నాక నాకు చెమట పట్టింది. ఫినాల్ జాతి రసాయనాల్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లుల కాలేయానికి చాలా తక్కువ. తుడిచిన నేల మీద నడిచి, ఆ పాదాలు నాక్కుంటే అది ఒంట్లోకి వెళ్తుంది. పోనీ ఇంత చేసినా అది ఉచ్చ వాసనని పూర్తిగా తీయదు. మనకి పోయినట్టు ఉంటుంది, వాడికి గుర్తు అక్కడే ఉంటుంది.

ఇంకో మాట గట్టిగా చెప్పారు. మగపిల్లి మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ, చుక్క కూడా రాకపోతే అది అలవాటు సమస్య కాదు, మూత్రం దారి మూసుకుపోయి ఉండొచ్చు. ఆ రోజే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి, రేపు చూద్దామంటే ప్రాణం పోతుంది. వీడికి అలాంటిదేం లేదని పొట్ట నొక్కి చూసి చెప్పారు.

ఇంటికొచ్చి బుట్ట తెరవగానే వాడు నేరుగా పెరట్లోకి నడిచాడు. జామచెట్టు కింద ఇసక గుట్ట చూసి ఆగాడు. వాసన చూశాడు. ముందు కాళ్ళతో చిన్న గొయ్యి తవ్వి, వెనక్కి తిరిగి కూర్చుని, అయ్యాక ఇంకోసారి వాసన చూసుకుని, నాలుగు పక్కల్నుంచీ ఇసక లాగి కప్పాడు. రెండు నెలల్లో వాడంత శ్రద్ధగా ఏ పనీ చేయగా చూళ్ళేదు నేను.

అరుగు మీద కొబ్బరి కోరుతున్న అమ్మమ్మ చూసింది. "తెలీక కాదే వాడికి. నువ్వు చూపించిన చోటు నచ్చక."

ఇళ్ళల్లో తిరిగే పిల్లులన్నిటికీ మూలం ఎడారి అంచుల్లో బతికిన ఆఫ్రికా అడవిపిల్లి. తవ్వి కప్పెట్టడం ఎవరూ నేర్పక్కర్లేదు, తవ్వడానికి వీలైన నేల ఉంటే చాలు. అమెరికాలో లిట్టర్ పుట్టిన కథ కూడా ఇలాంటిదే. 1947లో, మనకి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, మిషిగన్‌లో ఎడ్ లోవ్ అనే కుర్రాడి దగ్గరికి పొరుగావిడ పిల్లి కోసం ఇసక అడగడానికి వచ్చింది. చలికి తన ఇసక గడ్డకట్టిపోయిందట, బూడిద వాడితే ఇల్లంతా నల్లటి పాదాలట. అతను ఇసక బదులు, తడి పీల్చే ఒక రకం మట్టి గుళికలిచ్చాడు. తర్వాత దాన్నే సంచుల్లో పోసి అమ్మి కోటీశ్వరుడయ్యాడు. అంతకుముందు అక్కడైనా ఇక్కడైనా పిల్లికి ఇసక, లేకపోతే పొయ్యిలో బూడిద. అమ్మమ్మకి తెలిసిందీ అదే.

ఆ మధ్యాహ్నమే మేస్త్రీ వదిలేసిన ఇనప తట్టలో రెండంగుళాల మందాన ఇసక పోసి, వెనక వసారాలో ధాన్యం గాదె పక్కన, ఎవరూ తిరగని మూల పెట్టాను. వాడి తిండిగిన్నె, నీళ్ళగిన్నె ఇంకో చివరకి జరిపాను. మనమైనా బాత్రూంలో కూర్చుని అన్నం తినం కదా. తిన్న పావుగంటకి, నిద్ర లేవగానే, ఆడుకున్నాక, ఎత్తుకెళ్ళి తట్టలో దింపడం, దూరంగా వచ్చి కూర్చోవడం. అంతే. పట్టుకోవడం లేదు, కాళ్ళు పట్టి తవ్వించడం లేదు. రాత్రిళ్ళు తట్టతో పాటు ఆ వసారాలోనే ఉంచి తలుపేశాను. అలవాటు కొద్దీ ఫోన్‌లో టైములు రాసుకున్నాను. భోగి రోజు ఐదుసార్లకి నాలుగు తట్టలో, ఒకటి గోనెసంచి మీద. సంక్రాంతి రోజు అన్నీ తట్టలోనే. కనుమ నాడు నేను తీసుకెళ్ళకుండానే వెళ్ళాడు.

భోగి మంట దగ్గరికి మాత్రం రానివ్వలేదు. మెత్తటి బూడిద కనపడితే ఎగబడతాడు, కింద నిప్పులుంటాయి. కాలుకాలిన పిల్లి అనే మాట ఊరికే పుట్టలేదు.

అమ్మ బెంగ వేరే. కడుపుతో ఉన్న పిల్ల దగ్గర పిల్లేంటని. అది పూర్తిగా మూఢనమ్మకమూ కాదు, అలాగని పిల్లిని ఇంట్లోంచి వెళ్ళగొట్టేంతా కాదు. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి మలంలో రావచ్చు, కడుపులో బిడ్డకి హాని చేయొచ్చు. కానీ బయటికి వచ్చాక అంటుకునే దశకి చేరడానికి దానికి కనీసం ఒక రోజు పడుతుంది. అందుకని రోజూ తీసేయాలి, ఆ పని అక్క కాకుండా ఇంకొకళ్ళు చేయాలి, చేతులు కడుక్కోవాలి. తట్ట డ్యూటీ నాది. పెరట్లో ఇసక గుట్ట మీద టార్పాలిన్ కప్పేశాం, లేకపోతే వీధి పిల్లులన్నీ అక్కడే. అక్క మాత్రం దూరంనుంచే వాడికి తాడు ఊపుతూ ఆడించేది.

ముక్కనుమ నాడు తిరుగు ప్రయాణం. నేను బట్టలు సర్దుకుంటుంటే అమ్మమ్మ వచ్చి మంచం మీద కూర్చుంది. "వీణ్ణి వదిలేస్తానన్నావంట?"

"ఊ. నీకు తోడుంటాడు కదా అని."

"నా తోడు సంగతి తర్వాత. ఎందుకు వదిలేస్తానన్నావు?"

"ఇంట్లో పోస్తున్నాడని."

"ఇప్పుడు పోయట్లేదుగా?"

నేను చొక్కా మడత పెడుతూనే ఉన్నాను.

"వాడికి నచ్చినట్టు చోటు కుదర్చడం వచ్చిందిగా నీకు. అక్కడా కుదుర్చు. కుదరకపోతే అప్పుడు తీసుకురా, నేనేం పారిపోను" అని లేచి వెళ్ళింది. కాసేపటికి పెరట్లోంచి పార చప్పుడు. వెళ్ళి చూస్తే బియ్యం సంచిలోకి ఇసక ఎత్తుతోంది, జల్లెడ పట్టి మరీ.

"చెక్‌పోస్టు దగ్గర ఆపితే ఏం చెప్పాలే?" అన్నాడు చిన్నన్నయ్య డిక్కీ మూస్తూ. "ఇది ఇసక రవాణా కాదు, పిల్లిగారి బాత్రూమ్ అని చెప్పాలా?"

ఫ్లాట్‌కి రాగానే బాక్సు మూత, తలుపు ఊడబీకాను. అడుగు భాగం కూడా ఎత్తని, వంటసామాన్ల కొట్లో రెండు వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులు కొన్నాను. పిల్లి ఒకటైతే టబ్బులు రెండుండాలని డాక్టరు గారి లెక్క. ఒకటి నా గదిలో మూల, ఇంకోటి హాల్లో షెల్ఫు వెనక. పరుపులకి ఎంజైమ్ క్లీనర్ పట్టించి ఎండబెట్టాను. ఫినాయిల్ సీసా వాచ్‌మన్‌కి ఇచ్చేశాను.

ఇసకతోనే బతకొచ్చా అంటే సిటీలో కష్టమే. బరువు, ఉండకట్టదు, తడి కిందికి దిగి రెండో రోజుకి వాసన. అందుకని వాసనలేని లిట్టర్ తెచ్చి, మొదటి వారం ఇసకలో పావు వంతు, రెండో వారం సగం, అలా కలుపుతూ వచ్చాను. ఒక్కసారి తొందరపడి ముప్పావు చేశాను, ఆ రాత్రే బాత్రూమ్ మ్యాట్ తడిసింది. మళ్ళీ సగానికి వచ్చాను. పై ఫ్లాట్‌లో డ్రిల్లింగ్ పెట్టినరోజు ఇంకోసారి. అరవలేదు. తుడిచాను, నా గదిలోకి తెచ్చి తలుపేసుకుని పక్కన కూర్చున్నాను.

జనవరి 30న ఓనర్ ఆంటీ వచ్చింది. హాలు, గదులు, యుటిలిటీ అంతా తిరిగింది. "పిల్లిని పంపించేశారా?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా వాడు షెల్ఫు వెనక టబ్బులోంచి బయటికొచ్చి, ఒళ్ళు విరుచుకుని, ఆవిడ చెప్పుల పక్కన కూర్చున్నాడు. ఆవిడ వాణ్ణి చూసింది, వంగి టబ్బునీ చూసింది, ఇంకోసారి గాలి పీల్చింది.

"మార్చి దాకా చూస్తా" అంది.

ఆదివారాలు అమ్మమ్మ ఫోన్ చేస్తుంది. ముందు అక్క ఒంట్లో ఎలా ఉందో, తర్వాత నేను తిన్నానో లేదో, ఆఖర్న బెల్లంగాడి గురించి. నిన్న మాత్రం ఫోనెత్తగానే అడిగింది.

"ఇసక ఉందా, పంపనా?"

"ఇంకో మూడు కేజీలుంది అమ్మమ్మా."